భయానికి మందిచ్చిన కండక్టరు మామ

పోయిన నెల పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దడానికి హైదరాబాదు వెళ్ళాను. ఒక స్కూలు హాల్లో నలభై మందిమి కూర్చుని దిద్దుతుంటే గుమాస్తా వచ్చి, తిరుపతి నుంచి ఫోనని చెప్పాడు. వెళ్ళి అందుకున్నాను. అవతల మా వీధి చివర మందుల షాపాయన.

"టీచరమ్మా, కండక్టరు మామ పోయినాడు. పొద్దున ఆరింటికి. సాయంత్రం దాకా పెట్టుకోనుంటామంటాండారు. నువ్వు రాగలవా?"

"వస్తా" అన్నాను. మధ్యాహ్నం విమానానికి వచ్చాను. ఆ 'వస్తా' అనే ఒక్క మాట అనడం నాకు నేర్పిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మామ మాకు చుట్టం కాదు. తిరుపతి కొర్లగుంటలో వాళ్ళింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. కింది నుంచి కొండమీదికి తిరిగే బస్సుల్లో ముప్పై ఏళ్ళు కండక్టరుగా పనిచేశారు. ఆయనకూ అత్తకూ పిల్లలు లేరు. మా నాయన కొండమీద ఒక సత్రంలో వంటవాడు. వారానికొకసారి దిగివచ్చేవాడు. సెలవులొస్తే అమ్మా నేనూ పైకి వెళ్ళేవాళ్ళం. అన్న మాత్రం అప్పటికే హైదరాబాదులో చదువుకుంటున్నాడు.

నాకు బస్సంటే నరకం. అలిపిరి దాటి రెండు మలుపులు తిరిగేసరికి నోట్లో నీళ్ళూరేవి. నాలుగో మలుపుకు కిటికీలోంచి తల బయటపెట్టేదాన్ని. పక్క సీట్లవాళ్ళు చీరలు దగ్గరికి లాక్కునేవాళ్ళు. మామ డ్యూటీలో ఉన్న బస్సయితే మాత్రం నన్ను డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఖాకీ జేబులోంచి శొంఠి ముక్క తీసి ఇచ్చేవారు.

"బుగ్గన పెట్టుకో పాపా. నమలొద్దు. దగ్గిర చెట్లను సూడొద్దు, అవి పరిగెత్తతాయి. దూరంగా ఉండే కొండను సూడు. అది యాడికీ పోదు."

వట్టి కడుపుతో బస్సెక్కితే వాంతి కాదనుకుని అమ్మ నాకు ఏమీ పెట్టేది కాదు. మామ అమ్మను కోప్పడ్డారు. "రెండిడ్లీలు పెట్టుమ్మా, చట్నీ లేకుండా. వట్టి కడుపు ఊరికే అరుస్తాది. కడుపుతో కొట్లాడకూడదు, ఇంటికొచ్చిన చుట్టం మాదిరి దానికి మర్యాద చెయ్యల్ల" అన్నారు. ఆ మాటకు బస్సులో సగం మంది నవ్వారు. నేను కూడా నవ్వాను, ఆ తర్వాతి మలుపులోనే వాంతి చేసుకున్నాను. మామ నీళ్ళ సీసా అందించారు.

నేను టీచరు ట్రైనింగు ముగించిన ఏడాది నాయనకు జబ్బు చేసింది. అన్నకు హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం దొరికింది కాబట్టి అమ్మా నాయనా అక్కడి ఆసుపత్రికి వెళ్ళారు. నాకు కొత్త ఉద్యోగం, సెలవు లేదు. రెండు వారాలకు మందుల షాపుకు ఫోనొచ్చింది. అన్న గొంతు. "నాయనకు బాగలేదు. నిన్నే అడుగుతున్నాడు. ఈరోజు రేణిగుంట నుంచి విమానముంది, ఎక్కి వచ్చెయ్."

టిక్కెట్టు పని మామే చూశారు. అత్త రెండిడ్లీలు తినిపించింది. మామ నిమ్మకాయ, శొంఠి మూట కట్టి ఇచ్చారు. రేణిగుంట దాకా వచ్చి, ఇనుపకంచె దగ్గర నిలబడి నన్ను లోపలికి పంపారు.

విమానం కాస్త దూరంలోనే ఉంది. పదిమందితో కలిసి నడుస్తున్నాను. అప్పుడు ఒక పక్క రెక్కకున్న పంకా తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నా పక్కటెముకల్లోకి దూరింది. మెట్లు కనిపించాయి, మెట్లపైన నల్లటి తలుపు. దాని వెనక ఇక నేల ఉండదు అనిపించింది. ఆపమంటే ఆగే బస్సు కాదు, దిగిపోతానంటే దించేవాళ్ళు లేరు. నా కాళ్ళు ఆగిపోయాయి. యూనిఫాంలో ఉన్న ఒకతను వచ్చి "రండమ్మా, ఆలస్యమవుతోంది" అన్నాడు. నేను వెనక్కి తిరిగి నడిచాను. నడవలేదు, పరిగెత్తాను.

కంచె దగ్గర మామ నా ముఖం చూశారు. ఎందుకని అడగలేదు. "రా పాపా, రైలుకు టైముండాది" అన్నారు, నా చేతిలో సంచి తీసుకుని.

మర్నాడు పదకొండున్నరకు ఆసుపత్రి మెట్లెక్కాను. నాయన ఎనిమిదికి పోయాడు. "పాప వచ్చిందా అని పొద్దున కూడా అడిగినాడే" అని అమ్మ ఏడ్చింది. విమానంలో చోటు దొరకలేదని నేను వాళ్ళతో అబద్ధం చెప్పాను. నిజం మామ ఒక్కరికే తెలుసు. బతికినన్నాళ్ళూ ఆయన అది ఎవరితోనూ అనలేదు.

అమ్మ అన్న దగ్గరే ఉండిపోయింది. నేను తిరుపతికి వచ్చి బడికి వెళ్ళడం, రావడం, తలుపేసుకోవడం. రేణిగుంటలో దిగే విమానం చప్పుడు వినిపిస్తే పెరట్లోంచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. భోజనం అత్త దగ్గరే. ఆరు నెలలు పోయాక ఒక ఆదివారం మామ అన్నం తింటూ తింటూ చెయ్యాపి అన్నారు.

"ఆ పొద్దు తప్పు నాది పాపా. కడుపుకు మందిచ్చి పంపిస్తి. భయానికి ఇయ్యకపోతి."

నేను కంచంలోకి చూస్తూ ఏడ్చాను. నాయన పోయాక ఏడవడం అదే మొదలు. అత్త నా వీపు నిమురుతూ మామను తిట్టింది. మామ మాత్రం, "ఇప్పుడన్నా ఇస్తాలే. పోదాం పా" అన్నారు.

ఆయనకు అప్పటికి రిటైరై కొన్ని నెలలే. పాత స్నేహితుడైన డ్రైవరుతో మాట్లాడి, ప్రతి ఆదివారం నన్ను కొండ బస్సులో ఆఖరి సీట్లో కూర్చోబెట్టారు. ఎక్కువ ఊగేది అక్కడే. పైకి పోవడం, పావుగంట ఆగడం, కిందికి రావడం. పక్కన మామ, చేతిలో విసనకర్ర, ఒళ్ళో పాత గుడ్డలు. మొదటి మూడు వారాలు ఆ గుడ్డలన్నీ ఖర్చయ్యాయి. "వస్తే రానీ. వాంతికి ఎవురూ చావలేదు. ముందు దానికి భయపడేది మానుకో, అది నీకు భయపడతాది" అనేవారు. శ్వాస ఎట్లా తీసుకోవాలో చెప్పేవారు: మలుపులోకి పోయేటప్పుడు మెల్లగా పీల్చి, మలుపు తీరినాక వదలమనేవారు. ఏ వారమో గుర్తు లేదు, ఒక ఆదివారం ఆయన గుడ్డలు మడత విప్పకుండానే ఇంటికి తెచ్చారు. అత్త గుమ్మంలోనే చూసి నవ్వింది.

ఆ తర్వాత రేణిగుంట. ఎక్కడానికి కాదు, ఊరికే చూడడానికి. కంచె బయట నిలబడేవాళ్ళం. మామకు మనుషులను లెక్కపెట్టే అలవాటు పోలేదు. "ముప్పై యెనిమిది ఎక్కినారు" అనేవారు. హైదరాబాదు నుంచి వచ్చిన విమానంలోంచి జనం దిగుతుంటే, "నలభై ఒకటి. అందురూ దిగినారు, సూసినావా? ఒకాయప్ప నిద్ర మొగంతో దిగతాండాడు. భయముండేవాడు నిద్దరపోతాడా?" అనేవారు. సామాన్లు మోసే పనివాళ్ళతో స్నేహం చేసుకుని వివరాలు రాబట్టారు. రెక్కల దగ్గర కుదుపు తక్కువట. మేఘంలో దూరితే ఊగుతుందట, గతుకుల రోడ్డు మాదిరి. "గాలికీ గతుకులుంటాయంట పాపా! మన రోడ్డే నయం, గుంత యాడుండాదో కనబడతాది" అని ఆశ్చర్యపోయారు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఫోను. అమ్మకు పక్షవాతం. ఒక పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది. అది వానాకాలం. మామ చొక్కా వేసుకుంటూ, "నేనూ వస్తాండా. నేను మాత్రం ఎప్పుడెక్కినా? సూసొస్తా" అన్నారు.

ఈసారి మెట్ల దగ్గర ఆగలేదు. మామ నా వెనకే ఉన్నారు. రెక్క పక్క సీట్లో కూర్చున్నాం. ఒకమ్మాయి పళ్ళెంలో పిప్పరమెంట్లు, చెవుల్లో పెట్టుకోవడానికి దూది తెచ్చింది. విమానం పైకి లేచింది. దూరంగా కొండను చూశాను, శ్వాస పీల్చాను, వదిలాను. నా లోపల భయం ఉంది, కాని అది కూర్చునే ఉంది, లేచి నిలబడలేదు.

అరగంట తర్వాత మేఘాల్లోకి దూరాం. కిటికీ బయట అంతా తెలుపు. విమానం ఒక్కసారి కిందికి పడి మళ్ళీ లేచింది. ఎవరో గోవిందా అన్నారు. నేను మామ వైపు తిరిగాను, ధైర్యం కోసం. ఆయన ముఖం బూడిద రంగులో ఉంది. నుదుట చెమట. రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని ఉన్నారు.

"మామా?"

"ఏం లేదు పాపా" అన్నారు. అంతలోనే కాగితం సంచీ అందుకున్నారు.

ముప్పై ఏళ్ళు ఘాట్ రోడ్డులో మనుషులకు సీసాతో నీళ్ళందించిన మనిషి నా పక్కన వాంతి చేసుకుంటుంటే నేను ఆయన నుదురు పట్టుకున్నాను. సంచీ మార్చాను. కొంగుతో మూతి తుడిచాను. "వస్తే రానీ మామా. దీనికి ఎవురూ చావలేదు" అన్నాను. ఆయన కళ్ళు మూసుకునే నవ్వారు.

"ముప్పై ఏండ్లూ నిలబడే పోయినా గదా. కూసోని పోయేది నాకు చేతగాదు."

ఆ తర్వాతి కుదుపులేవీ నాకు గుర్తు లేవు. ఆయనను చూసుకోవడంలోనే హైదరాబాదు వచ్చేసింది.

అమ్మ నన్ను గుర్తుపట్టింది. కుడిచేత్తో నా ముఖం తడిమింది. "యెట్ల వచ్చినావు?" అంది, మాట వంకరపోతూ.

"విమానంలో మా."

"వాంతి చేసుకోలేదా?" అంది.

"నేను చేసుకోలే. మామ చేసుకున్నాడు."

పడిపోని పక్క పెదవి నవ్వింది. మరి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లో నాయన దగ్గరికి రావడం ఎందుకు ఆలస్యమైందో నిజం చెప్పేశాను. అమ్మ తిట్టలేదు. నా చెయ్యి వదల్లేదు, అంతే. చివరి మాట దాకా నేను పక్కనే ఉన్నాను. మామ నాలుగు రోజులూ వార్డు బయట వరండాలోనే ఉన్నారు. అన్న కుర్చీ వేసినా కూర్చోలేదు. కర్మలు అయ్యాక తిరుపతికి రైల్లో వెళ్ళారు. "నేల మీద పోతా పాపా. నువ్వు గాల్లోనే రా" అన్నారు. మళ్ళీ ఎన్నడూ విమానం ఎక్కలేదు.

ఇప్పుడు ఆయన పోయిన రోజు. రేణిగుంటలో దిగి, ఆటోలో ఇంటికి చేరేసరికి నాలుగైంది. వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. ముఖం చిన్నదైపోయింది. గడ్డం తెల్లగా, వారం రోజుల నాటిది. అది చూసి అడిగాను, ఎన్నాళ్ళ నుంచి బాగలేదని. పదిహేను రోజులని అత్త చెప్పింది. నేను హైదరాబాదు వెళ్ళిన రెండో రోజు నుంచి.

"మరి నాకెందుకు చెప్పలేదత్తా? గంటంపావులో వచ్చేదాన్ని గదా!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్తానన్నా. ఆయనే వొద్దన్నాడు. రోజూ సాయంత్రం గాలివాన కొడతాండాది, చెప్తే పాప విమానమెక్కేస్తాది, పైన ఊపేస్తాది, మబ్బులు పోనీ అన్నాడు. నీకు తెలీదుమ్మా. మీ మామకు ఎత్తంటే శానా భయం. ముప్పై ఏండ్లు బస్సులో లోయకు వీపు పెట్టే నిలబన్నాడు. ఒక్కనాడూ అటు సూడలే. మీయమ్మ కోసరం నీతో వచ్చిన పొద్దు, ఇంట్లో సొక్కా గుండీలు పెట్టుకోలేక నాతో పెట్టించుకున్నాడు."

నేను మామ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆ మనిషి విమానం ఎక్కగలిగింది ధైర్యముండి కాదు. నాలో ఉన్నదాన్ని లోపలి నుంచి ఎరిగిన మనిషి కాబట్టే నన్ను చూసి ఒక్కనాడూ నవ్వలేదు, కంచె దగ్గర ఒక్క మాటా అడగలేదు. ముందే తెలిసుంటే ఇది ఆయనతో అనడానికి పదిహేను రోజులుండినాయి. దారి ఉంది, దారంటే భయం కూడా లేదు. పిలుపు రాలేదు. నాయన దగ్గరికి నేను పోలేకపోయాను. మామ నన్ను రానివ్వలేదు. రెండు బాధలూ ఒకటి కావు, కాని ఒకే చోట నొప్పి పెడుతున్నాయి.

పెద్దకర్మ అయిన మర్నాడు పేపర్ల పని మిగిలిపోయిందని నేను తిరిగి హైదరాబాదు బయలుదేరాను. నాతో విమానం దాకా వస్తానని అత్త పట్టుబట్టింది. ఆమె రేణిగుంట విమానాలను చూడడం అదే మొదటిసారి. కంచె దాకా వచ్చి ఆగిపోయింది. నేను పోయి కూర్చున్నాక నాకు కనిపించేట్టు నిలబడతానంది. పంకాలు తిరిగి దుమ్ము లేచింది. కిటికీలోంచి చూశాను. గాలికి ఎగిరిపోతున్న కొంగును ఒక చేత్తో తలమీద అదిమిపట్టుకుని, ఇంకో చేత్తో కంచె పట్టుకుని నిలబడి ఉంది. నేనెక్కడ కూర్చున్నానో ఆమెకు తెలియదు. అందుకని ఒక్కొక్క కిటికీ వైపూ వరసగా చూస్తూ, అన్నిటికీ తల ఊపుతోంది.