అడ్డా పాట కట్టిన మామ

నాలుగు రోజుల కింద పొద్దుగాల అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయిండు బిడ్డా" అన్నది. 

మామ అంటే మా అమ్మ తమ్ముడు. నారాయణఖేడ్‌ల బట్టలు కుట్టేటోడు. కానీ చుట్టుపక్క మండలాలల్ల ఆయన పేరు వినవడింది కుట్టుతోని కాదు. సినిమా బాణీలకు తన మాటలు పెట్టి నవ్వించేటోడు. మీల గూడ కొందరు ఇని ఉంటరు.

మిషన్ తొక్కుకుంటనే పాట కట్టేది. రాని బస్సు మీద, పోయిన కరెంటు మీద, పెండ్లిల ముక్క దొరకని చుట్టం మీద. "బట్ట ఎవనిదన్న గానీ, కుట్టు మనది గావాలె" అంటుండె. పెండ్లిళ్లల్ల పదేండ్లు ఆయన పక్కన డోలక్ నేనే కొట్టిన. నవ్వొచ్చే మాట కాడ మామ అస్సలు నవ్వకపోతుండె. సావుకబురు తెచ్చినోని లెక్క మొఖం పెడుతుండె. జనం అందుకే ఇంకింత నవ్వుతుండిరి.

అందరు అడిగి పాడించుకునేది అడ్డా పాట. పట్నంల కూలి కోసం రోడ్డు మీద నిలబడే మనోళ్ల పాట:

"అడ్డా మీద నిలబడ్డ అందగాణ్ణి నేనే
సిమెంటు పూసుకున్న పెండ్లికొడుకు నేనే"

మూడేండ్ల కింద కంగ్టి దిక్కు ఒక పెండ్లిల ఇది మొదలువెట్టంగనే ముందు కూసున్న ఒకామె లేచి పోయింది. పాట అయినంక తెలిసింది. ఆమె కొడుకు పట్నంల బిల్డింగు మీదికెళ్లి పడి సచ్చిపోయి ఏడాది గూడ కాలే.

మామ బువ్వ ముట్టలే. తెల్లారి నన్ను బండి మీద కూసోవెట్టుకొని ఆమె ఇంటికి పోయిండు.

"తెల్వక పాడిన అక్కా. తప్పయింది."

ఆమె మమ్ముల కూసోమన్నది. "మావోడు గీ పాటనే ఫోన్ల పాడుతుండె. నేను నవ్వుతుంటి. పాడు, వింట" అన్నది.

మామ మొదలువెట్టిండు. సిమెంటు కాడికి రాంగనే ఆపిండు. ఆమె నవ్వలే, ఏడ్వలే. లోపలికి పోయి చాయ తెచ్చిచ్చింది.

వచ్చేటప్పుడు దారిల బండి ఆపిండు.

"మనోళ్లను నవ్వించిన్నా, ఎక్కిరించిన్నా రా నేను?"

"నవ్వించినవ్ మామా" అన్న. మరీ జల్దీ అన్న. మామ నా దిక్కు చూసి మళ్ల బండి తీసిండు.

ఆ పాట మళ్ల పాడలే. అది లేనిది ఎందుకని పెండ్లోళ్లు డీజేలు పెట్టుకున్నరు. మిషన్ కాడ కూనిరాగం గూడ బంద్ అయింది.

డోలక్ పట్టకముందు రెండేండ్లు నేను గూడ పట్నంల అడ్డా మీద నిలబడ్డ. పని దొరకని పొద్దు ఆ పాటే పాడుకొని, నవ్వుకుంట రూముకు పోతుంటిమి. మామకు చెప్పాల్సిన మాట అది. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంటనే మూడేండ్లు పోయినయి.

పోయిన వారం మామను దవాఖానల వేసిండ్రంటే, ఆ మాట చెప్దామనే పోయిన. ముక్కుకు గాలి గొట్టం ఉంది. కండ్లు మూసుకొని మామ ఏదో అంటుండు. వంగి చెవి పెట్టిన. మాటలు లేవు, ఒట్టి బాణీ. ఏ పాటదో నాకు ఆనవాలు దొరకలే. చెప్పాల్సిన మాట చెప్పకనే వింట నిలబడ్డ. ఎడమచెయ్యి వేళ్లు మంచం ఇనుపపట్టీ మీద మెల్లగ తాళమేస్తుండె.