ఆళ్లగడ్డలో రాతి రాకాసి కళ్ళు

ఎనభైల చివర్లో ఆదివారం పూట టీవీలో ఒక సైన్స్ ధారావాహిక వచ్చేది. అందులో ఒక భాగం నన్ను చాలాకాలం వెంటాడింది. వేరే గ్రహం మీద ఒక రాతి రాకాసి పొగలోంచి లేచి ఎర్రటి కళ్ళు తెరుస్తుంది. మా నంద్యాల వీధిలో టీవీ ఉన్న ఒకే ఇంట్లో కిక్కిరిసి కూర్చుని చూసి జడుసుకున్నాం. ఆ గ్రహం ఆళ్లగడ్డేనని తర్వాత ఎవరో చెప్పారు. ఎలా తీశారో చూద్దామని సరదాగా బయల్దేరాను. తిరిగొచ్చేటప్పుడు ఆ సరదా మిగల్లేదు.

నంద్యాల బస్టాండులో పొద్దున్నే బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా గంటకు పైగా పట్టింది. టికెట్టు అప్పట్లో అయిదు రూపాయల లోపే. టీవీ వాళ్ళు తీసిన చోటు తెలుసా అని కండక్టరును అడిగాను. "ఆడ రాళ్ళు తప్ప ఏముండాయప్పా? ఓబులాచారి కొట్టం కాడ అడుగు" అన్నాడు.

విగ్రహాలు చెక్కే ఓబులాచారి కొట్టం రోడ్డు పక్కనే ఉంది. వెనక పారబోసిన రాతిముక్కల దిబ్బే మేం చూసిన గ్రహం. పొగేమో ఆయన భార్య వేసిన సాంబ్రాణి. నేను నవ్వుతూ రాకాసి ఎక్కడుందని అడిగాను. ఆమె ముఖం మాడ్చుకుంది. "రాకాసి కాదు నాయనా, అమ్మవారు" అంది.

పాములపాడు దిక్కు ఒక పల్లెవాళ్ళు గుడిలో నిలుపుకోవడానికి చెక్కించుకున్న అమ్మవారట. ప్రతిష్ఠ రోజున శిల్పి ఉపవాసముండి, మంత్రాల మధ్య, చిట్టచివర ఉలితో కళ్ళు తెరుస్తాడు. అందాకా అది రాయే. టీవీ వాళ్ళు విగ్రహాన్ని షూటింగుకు అడిగితే, ఓబులాచారి ఆ ధైర్యంతోనే ఒప్పుకున్నాడు.

"నేను అన్నం తిని వచ్చేలోపల కండ్లకాడ బొక్కలు కొట్టి బల్బులు పెట్టినారప్పా. ఏందిదంటే, రాయే కదా అన్నారు" అన్నాడు ఓబులాచారి.

"పల్లెవాళ్ళేమన్నారు?"

"వచ్చి చూసినారు. మాకొద్దని పోయినారు."

"మళ్ళీ సరిచేయలేరా?"

"తెరిచిన కండ్లు మూసేదెట్ల? పగలగొడదామంటే చెయ్యి రాదు." మూలన గోనెపట్ట కప్పిన విగ్రహం వైపు తిరిగి అడిగాడు. "మాకు టీవీ లేదు. నువ్వు చూసినావు కదా. అమ్మ చల్లంగా చూసిందా?"

తలూపి బయటికొచ్చేశాను.

ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. ఆ భాగాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటూ రాసేవాళ్ళున్నారు, ఆ కళ్ళు దర్శకుడి ప్రతిభట. ఒక మనిషి తన చేత్తో చేయాల్సిన చివరి పనిని, ఆయన అన్నానికి వెళ్ళిన సందు చూసి లాగేసుకోవడం ప్రతిభ ఎలా అవుతుంది? వాళ్ళు ఒక్క మాట అడిగి ఉంటే ఆయనే వద్దని చెప్పేవాడు. ఆ పాటి ఓపిక కూడా లేకపోయింది.

ఆళ్లగడ్డ వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. కొట్టాల్లో కళ్ళు చెక్కని విగ్రహం కనిపిస్తే, శిల్పి వచ్చేదాకా ఆగండి. దాని మీద చెయ్యి వేయకండి.