జక్రయ్య మాస్టారి టైర్ల పరీక్ష

లోకంలో అందరూ ఎదుటి మనిషి మొహం చూసి పలకరిస్తారు. జక్రయ్య మాస్టారు మాత్రం కాళ్ళ కింద చూసి పలకరిస్తారు. సైకిలు మీద వచ్చినవాడికి టైరు చూస్తారు, నడిచొచ్చినవాడికి చెప్పు చూస్తారు. ఎవరినైనా అడిగేది ఒకటే ప్రశ్న: "గ్రిప్పుందా?"

ప్రత్తిపాడు మిషన్ స్కూల్లో ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. చుట్టా బీడీ ఎరగరు. అయినా జేబులో అగ్గిపుల్ల లేందే గుమ్మం దిగరు. టైరు గాడిలో ఆ పుల్ల నిలబెట్టి లోతు కొలవడం ఆయనకి ఊపిరి తీయడం లాంటిది. పెళ్ళికి వెళ్తే ముందు బయట విడిచిన పెళ్ళికొడుకు చెప్పులు తిరగేసి పుల్ల పెట్టేవారు. "అల్లుడు బంగారమే వియ్యంకుడుగారూ. ఎడమ మడమే కాస్త అరిగింది. వానాకాలం కనిపెట్టుకోండి" అని ఆశీర్వదించేవారు.

ఆయన భార్య ప్రేమమ్మకి ఇదంతా అలవాటే గాని, గుడి దగ్గర మాత్రం తల ఎత్తుకోలేకపోయేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నవ్వుతూ అడిగారు: "మాస్టారూ, ఇవాళ ప్రసంగం ఎలా ఉందండీ?"

"మొదట్లో మంచి గ్రిప్పుందండీ. మూడో పాయింటు మలుపులో కొంచెం స్కిడ్డయ్యారు."

పాస్టరుగారు దొడ్డమనిషి. పై వారం రెండు పాయింట్లతో ఆపేశారు. సంఘమంతా లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.

ఈ పిచ్చికంతటికీ మూలం ఒక ఎర్ర కారు. మిషన్ ఆస్పత్రి డాక్టరు దొరగారు తమ దేశం వెళ్ళిపోతూ మాస్టారి చేతిలో తాళం పెట్టి పోయారు. రెండు తలుపులు, మడిస్తే వెనక్కి పోయే గుడ్డ టాపు, ముందు పొడుగాటి ముక్కు. చూస్తే పందేనికి దువ్విన కోడిపుంజులా ఉంటుంది. స్పీడు మాత్రం గంటకి ముప్ఫై కిలోమీటర్లు, అదీ దిగుడులో, దేవుడి దయవల్ల గాలి వెనకనుంచి తోలితే.

అలాంటి కారుకి మాస్టారు రేసు కార్ల టైర్లు వెతికేవారు. ఒక ఏడు తిరిగేసరికి ఉన్న టైర్లు ఆయన పరీక్షలో ఫెయిలయ్యేవి. వాటిని విప్పించి, కారుని ఇటుకల మీద నిలబెట్టి, ఎర్రబస్సెక్కి గుంటూరు నన్నే సాహెబ్ టైర్ల షాపుకి వెళ్ళేవారు. ఎంపికకి నెలలు పట్టేది. అందుకే కారు వచ్చి పదేళ్ళయినా ప్రేమమ్మ దాంట్లో ఎక్కింది తక్కువ, ఆ ఇటుకల కింద ఊడ్చింది ఎక్కువ.

ఎనభయ్యారు సంక్రాంతి వెళ్ళాక పర్చూరు నుంచి ఆమె చెల్లెలు జయకుమారి ఉత్తరం రాసింది. వాళ్ళు పుట్టి పెరిగిన ఊరి గుడికి ఫిబ్రవరిలో యాభయ్యేళ్ళ పండగ. చివర్న ఒక ముక్క: "అక్కా, బావగారి కారులో వస్తావా, లేక ఆ కారు ఫోటో పట్టుకుని బస్సులో వస్తావా?"

ప్రేమమ్మ ఉత్తరం మడిచి మొగుడి ముందు పెట్టింది. "ఏవండీ, ఈసారి నేను కారులోనే దిగాలి. లేకపోతే నేనసలు పర్చూరే పోను."

"అదెంత భాగ్యం!" అని మాస్టారు మొదటిసారి ఆమెనీ టైర్ల షాపుకి తీసుకెళ్ళారు.

నన్నే సాహెబ్ ఆయన్ని చూడగానే బల్ల తుడిచి, రెండు టీలు చెప్పి, భోజనం కూడా ఇక్కడే అన్నట్టు నిట్టూర్చాడు. "మాస్టారూ, ఇదిగో, మద్రాసు నుంచి ప్రత్యేకంగా తెప్పించా. వెడల్పు చూడండి, మలుపులో కారు ఒరగదు. రబ్బరు మెత్తన, రోడ్డుని జలగలా పట్టుకుంటుంది. ఈ గాళ్ళు చూశారా, వాన నీళ్ళని పక్కకి చిమ్మేస్తాయి. గంటకి నూట ఎనభై పోయినా ఢోకా లేదు."

"నూట ఎనభై ఎవరు పోతారయ్యా?" అంది ప్రేమమ్మ. "మేం పోవాల్సింది పర్చూరు."

మాస్టారు పుల్ల పెట్టి చూశారు. చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో టైరు మీదెక్కి నిలబడ్డారు. కళ్ళు మూసుకుని అటూ ఇటూ ఊగారు. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు.

"సాహెబూ, లోపల ఇనప తీగలున్నాయా?"

"భలేవారే! తీగలుండబట్టే గదండీ అంత స్పీడులో టైరు సాగకుండా ఉండేది. దీని గొప్పంతా అదే!"

"అయితే వద్దు."

"అదేంటండీ! స్పోర్ట్సు కారుకి అదే కావాలి!"

"నాకొద్దు. తీగల్లేనిది చూపించు. పత్తి మోడు గుచ్చుకుంటే దిగుతుందా?"

"మాస్టారూ, మీరు కారు రోడ్డు మీద తోల్తారా, పత్తిచేలో తోల్తారా?"

చివరికి నైలాను దారం టైర్లు, గాడి లోతుగా ఉన్నవి, నాలుగు దొరికాయి. నన్నే సాహెబ్ అల్లాకి దణ్ణం పెట్టుకున్నాడు. పంచరు షాపు మాబు వాటిని బిగించాడు. కారు ఇటుకలు దిగింది. ప్రేమమ్మ మంగళగిరి చీరె తీసి గంజిపెట్టి ఆరేసింది.

మాస్టారి పిచ్చిలో ఇంకో భాగం చెప్పాలి. ఫెయిలైన టైర్లు చెప్పులు కుట్టే దానయ్య పాకకి చేరేవి. అతను వాటిని చెప్పులుగా కోసేవాడు. మాస్టారు వాటిని చంకన పెట్టుకుని చేల గట్ల వెంట తిరిగి, కూలీలకిచ్చేవారు. "అమ్మా, నా కారుకి ఏ టైరు మంచిదో తేల్చుకోలేక చస్తున్నా. ఇవి తొడుక్కుని నడిచి, రిపోర్టు చెప్పి పుణ్యం కట్టుకో" అని బతిమాలేవారు. ఒక నోటుబుక్కు తెరిచి ఏదో రాసుకునేవారు కూడా. పాపం పెద్దాయన, కాదంటే బాధపడతాడని జనం తొడుక్కునేవాళ్ళు.

పండగ రోజు తెల్లవారింది. రాత్రి అకాలంగా వాన పడి వెలిసింది. ప్రేమమ్మ చీరె కట్టి, తలలో పూలు పెట్టి, బైబిలు సంచీ పట్టుకుని బయటికొచ్చింది. కారు ముందు చక్రాలు నేలమీదున్నాయి. వెనక వైపు మాత్రం మళ్ళీ ఇటుకలు.

ఆమె తిన్నగా దానయ్య పాకకి నడిచింది. అక్కడ వారం క్రితం కొన్న టైర్లు రెండూ చెప్పులై పోయి, ఆఖరి జతకి దానయ్య మేకులు కొడుతున్నాడు. పక్కనే మాస్టారు, తప్పు చేసి బెంచీ ఎక్కిన పిల్లాడిలా.

"ఇవి కూడా ఫెయిలా?" అంది ప్రేమమ్మ.

"వాటికి గ్రిప్పు లేదే, ప్రేమా."

"నాలుగు మైళ్ళు కూడా తిరగలేదు! పదేళ్ళకి ఒక్క కోరిక కోరాను. మీకా టైర్ల మీద ఉన్నపాటి ప్రేమ నామీద లేదా?"

దానయ్య సుత్తి కింద పెట్టాడు. "అమ్మగారూ, తప్పు మాస్టారిది కాదండీ. మిరపకోతకి కనిగిరి వైపు నుంచి ఆడమనుషులొచ్చారు. ఆరుగురికి కాళ్ళకి ఏమీ లేవు. రాత్రి వానకి కల్లంలో కాయలు తడవకుండా అంతా పత్తిచేలకి అడ్డంపడి పరిగెత్తారు. పత్తి మోళ్ళు దిగి ఒకామె కాలు చూడలేకపోయాం."

"ఉంటే ఊరికే ఇవ్వచ్చుగా! ఈ టెస్టులేంటి, రిపోర్టులేంటి?"

"ఇదివరకు ఒకసారి ఊరికే ఇస్తే ఒకావిడ మొహాన కొట్టినట్టు చెప్పిందండీ. 'అడుక్కుతినేవాళ్ళం కాదు, పని చేసుకునేవాళ్ళం' అని. అప్పట్నుంచే ఈ కారు గోల. తీగలున్న టైరుకి నా కత్తి దిగదండీ, అందుకే ఆయన అట్టాటివి కొనరు." అతను నోటుబుక్కు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ప్రేమమ్మ తెరిచింది. ఒక్క రిపోర్టు లేదు. పేజీ పేజీకీ పెన్సిలుతో గీసిన పాదం బొమ్మలు. ఒక మడమ దగ్గర డ్రిల్లు మాస్టారి గుండ్రటి అక్షరాలు: 'ఇక్కడ పుండుంది. రబ్బరు మెత్తగా ఉండాలి.'

ఆమె నోటుబుక్కు మూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "ఏవండీ, నాతో కూడా చెప్పకూడదా?" అంది.

"నువ్వు గుళ్ళో సాక్ష్యం చెప్పేస్తావని భయమేసింది."

అది నిజమే గనక ప్రేమమ్మ మాట మార్చింది. పాకలో ఒక మూల, చెప్పులకి కూడా పనికిరావని దానయ్య పారేసిన బోడి టైర్లు రెండు కనిపించాయి. "అవి బిగించమనండి. నేను పర్చూరు కారులోనే పోతాను."

మాబు లెంపలేసుకుంటూ బిగించాడు. ఈలోగా మాస్టారు ఆరు జతలూ చంకన పెట్టుకుని కల్లానికి వెళ్ళి, ఎప్పట్లాగే బతిమాలి ఇచ్చొచ్చారు. కారు బయల్దేరింది, ఊరి చివర మిరప కల్లం దాకా హుందాగా వెళ్ళింది, అక్కడ నల్లరేగడి బురదలో వెనక చక్రాలు గిర్రున తిరిగి కూరుకుపోయాయి.

కల్లంలో పట్టాలు విప్పుతున్న ఆడవాళ్ళు చూశారు. ముఠా పెద్ద వెంకాయమ్మ కొంగు బిగించింది. "రండే! మాస్టారు గుంటలో పడ్డాడు!"

ఆరుగురూ కొత్త చెప్పులతో దిగి వెనక చేరారు. "ఐసా!" అన్నారు. చక్రాలు జారాయిగాని ఒక్క కాలూ జారలేదు. రెండో తోపుకి ఎర్ర కారు ముక్కు పైకెత్తి తారు రోడ్డెక్కింది.

మాస్టారు దిగి చేతులు జోడించారు. వెంకాయమ్మ దణ్ణాన్ని పట్టించుకోకుండా, చెప్పు విప్పి అడుగు భాగం ఆయన మొహం ముందు పెట్టింది.

"అయ్యా, మీరు నడిచి చెప్పమన్నారు గదా. నడిచి చెప్తన్నా. ఇయ్యి శానా మంచి టైర్లు. ఇంత బురదలో ఇంత కూడా జారలా. ఎనకాల ఆ బోడియ్యి పీకేసి, కారుకి ఇయ్యే ఏయించుకోండి!"

మాస్టారు అలవాటు కొద్దీ జేబులో అగ్గిపుల్ల తడుముకున్నారు.

కారులో ప్రేమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగిపోతుంటే, సంచీలోంచి పెన్సిలు తీసి అందించింది. "రాసుకోండి. పదేళ్ళకి మొదటి రిపోర్టొచ్చింది."

మాస్టారు బుద్ధిగా బానెట్ మీద నోటుబుక్కు పెట్టి రాసుకున్నారు. వెంకాయమ్మ చెప్పినవన్నీ సరిగ్గా రాశారో లేదో ఒకసారి చదివించుకుని, సంతకం బదులు బురద వేలిముద్ర వేసింది. తర్వాత ఎర్ర కారు పెదనందిపాడు మీదుగా పర్చూరు వైపు, గంటకి పాతిక కిలోమీటర్ల భయంకరమైన వేగంతో దూసుకుపోయింది.