వాసన లేని చేతులు

మా చిన్నప్పుడు... మా పెరట్లో గడ్డివాము వెనక ఒక మట్టికుండ ఎప్పుడూ ఎండలో ఉండేది. మూతికి గుడ్డ కట్టి, పైన మట్టి మెత్తేవాళ్ళు. గాలి అటునుంచి తిరిగిందంటే చాలు, ఇంటిల్లిపాదీ ముక్కులు మూసుకునేవాళ్ళం. మా చిన్నత్త ఒక్కతే దాని పక్కన పీట వేసుకుని కూర్చునేది...

అది బావురుపిల్లికి ఎర. కళింగపట్నం దగ్గర ఊరు మాది. ఏటి ఒడ్డు రెల్లులోంచి ఆ పిల్లులు వచ్చి కోళ్ళగూళ్ళ మీద పడేవి. మామూలు పిల్లికి రెండింతలు ఉండేది ఒక్కొక్కటి. తెల్లారి లేచి చూస్తే పెరట్లో ఈకలే మిగిలేవి. కర్రబోను పెట్టేవాళ్ళం గానీ, వట్టి బోనులోకి ఏ పిల్లి వస్తుంది చెప్పండి? అందుకే ఈ ఎర. పడ్డదాని తోలు కొనడానికి ఒకాయన ఊళ్ళోకి వచ్చేవాడు. అప్పట్లో అది తప్పని ఎవరికీ తోచలేదు.

నూనె ఎక్కువుండే కవ్వ చేపల తలలూ పేగులూ కుండలో వేసి, కాస్త బెల్లం మడ్డి కలిపి, నూనె పైకి తేలేదాకా ఎండలో మగ్గబెట్టాలి. ఆ నూనెని గోగునారకి పట్టించి, ముడి వేసి, బోనులో వేలాడదీయాలి. పని అంతే... కానీ ఆ ముడి కట్టే చేతికి మనిషి వాసన ఉండకూడదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. తాతకీ నాన్నకీ చేతుల నిండా చుట్ట కంపు. నానమ్మ సరేసరి, నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేది. అమ్మ చేతులకేమో పసుపు. ఒకసారి అమ్మే కట్టి చూసింది... మర్నాడు బోను చుట్టూ బురదలో పిల్లి అడుగులున్నాయి, లోపల మాత్రం పిల్లి లేదు.

"పసుపు సెయ్యి దీనికి పనికిరాదే. దూరం నుంచే పసిగట్టీసినాది" అంది నానమ్మ.

ఇక మిగిలింది చిన్నత్త. మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పసుపు లేదు, పువ్వు లేదు, గాజు లేదు... బూడిదతో చేతులు తోముకుని ఆమె ముడి కడితే పిల్లి పడి తీరేది. ఊళ్ళోవాళ్ళు కూడా మా గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్ళు. "సిన్నమ్మిని ఓపాలి పంపండే... ఆ సేతులకి ఏ వాసనా నేదు."

మా అత్తకి ఎంత పేరో అని నేను తెగ మురిసిపోయేదాన్ని. అది మెచ్చుకోలు కాదని తెలిసే వయసా నాది!

అలా ఉండగా మా అప్ప పెళ్ళి కుదిరింది. మా వైపు అక్కని అప్ప అంటాం. అమ్మ జబ్బుతో మంచాన పడ్డ రోజుల్లో అప్పని ఎత్తుకుని పెంచింది చిన్నత్తే. ఆ పిల్ల పెళ్ళికి పసుపు దంచేటప్పుడు తనూ ఒక్క పోటు వేయాలని ఆమె ఆశ. అమ్మతో ఆ మాట అంటుంటే నేను విన్నాను. అమ్మ కళ్ళు తుడుచుకుంది గానీ, సరే అనే ధైర్యం ఆవిడకి లేదు.

పసుపు దంచే రోజు రానే వచ్చింది. రోటికి బొట్లు పెట్టి, ముత్తయిదువలు పాటలు పాడుతూ దంచుతున్నారు. పెళ్ళి భోజనాలకని ఉంచిన కోళ్ళని పిల్లి ఎత్తుకుపోతోందని నానమ్మకి ఒకటే గాబరా. చిన్నత్త వాకిట్లోకి వచ్చి గుంజ పక్కన నిలబడింది... అంతే, నిలబడింది.

"నువ్విక్కడెందుకే అమ్మీ? పెరట్లోకెల్లి ఎర సూసుకో. ఈయేల ముడి కట్టాల" అంది నానమ్మ.

అత్త పెరట్లోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలియలేదు.

దంచడం అయ్యాక ఆడవాళ్ళంతా భోజనాలకి లోపలికి వెళ్ళారు. నేను అరుగు మీదే ఉన్నాను. అత్త మళ్ళీ వచ్చింది. రోట్లో మిగిలిన పసుపు తీసుకుని, నీళ్ళు చిలకరించుకుని, రెండు చేతులకీ రాసుకోవడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు. వేళ్ళ సందుల్లో, మణికట్టుకి, మోచేతుల దాకా...

"ఓలమ్మో! ఏటి పని సేసినావే!" గుమ్మంలోంచి నానమ్మ కేక. నోట్లో చుట్ట జారి కింద పడింది.

"ఎర నాను కట్టనమ్మా" అంది అత్త. "నా సేతులకి ఇప్పుడు వాసనున్నాది."

ఆడవాళ్ళంతా గుమ్మం దగ్గర మూగారు. గుసగుసలు. అత్తని కొడతారేమోనని నేను అరుగు దిగి దగ్గరికి వెళ్ళాను. అప్ప వాళ్ళని తోసుకుంటూ వచ్చి, అత్త చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది.

"ఈ సేతుల్తోనే నాకు నలుగు పెట్టత్తా. నేకపోతే నాను పీట మీద కూకోను."

నానమ్మ కూతురి చేతులకేసి చాలాసేపు చూసింది. చుట్ట కూడా తీసుకోకుండా పెరట్లోకి నడిచింది. కాసేపటికి ఫెడీమని చప్పుడు... ఎర కుండ బద్దలు కొట్టేసింది! పెళ్ళిల్లంతా ఒకటే కంపు. ముక్కు మూసుకున్న చుట్టాలకి నానమ్మే చెప్పింది, "కోళ్ళు తక్కువైతే పప్పు తిందురు గాని, ఎవులూ సావరు!"

అప్పకి నలుగు పెట్టింది చిన్నత్తే. ఆ తర్వాత ఎవరు వచ్చి పిలిచినా ఎర కట్టడానికి మళ్ళీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ రెల్లు లేదు, రొయ్యల చెరువులొచ్చాయి. బావురుపిల్లి అంటే మా మనవలకి తెలియదు. ఆ ఎర చేయడం వచ్చినవాళ్ళూ లేరు. పోనీయండి, దానికి నాకు బాధ లేదు... కానీ మొన్న ఒక పెళ్ళికి వెళితే, పసుపు దంచే చోట గుంజ పక్కన ఒకావిడ నిలబడి ఉంది. అన్నీ మారాయంటారు, అది మాత్రం అలాగే ఉంది. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని రోటి దగ్గరికి తీసుకొచ్చాను.

మీ ఇళ్ళలో అలా పక్కన నిలబడిపోయిన వాళ్ళెవరు? వాళ్ళ చేతుల వాసన మీకు గుర్తుందా...