నా గుడ్లు పూసిన స్తంభం

మొన్న పుంగనూరులో మా చర్చికి సున్నం కొడుతుంటే, ఆ తడి వాసనకు నా నల్లకోడి గుర్తొచ్చింది.

నా చిన్నప్పటి యుద్ధం రోజులవి. సంతలో గుడ్లు దొరకడం లేదు. ఆ చర్చి కడుతున్న బేల్దారి మా నాయనే. పొదగెయ్యాలని నేను తవుడు బుట్టలో దాచుకున్న నల్లకోడి గుడ్లు అడిగాడు.

"ఈయమ్మా. చర్చికాడ పొదిగే కోడి ఉండాది. పిల్లల్ని తెచ్చిస్తా."

నమ్మి ఇచ్చాను. పుట్టబోయే పిల్లలకని నూకలు కూడా దాచాను. మరునాడు ఆగలేక, ఆ కోడిని చూద్దామని చర్చికి పరిగెత్తాను. కోడి లేదు. నా బుట్ట నిండా పెంకులున్నాయి. నాయన తెల్లసొన కలిపిన సున్నం స్తంభానికి పూసి, గులకరాయితో మెరుగు పెడుతున్నాడు.

"నా గుడ్లు యాడ నాయనా?"

"ఈడనే ఉండాయి, సూడు," అంటూ నా చెయ్యి పట్టి స్తంభం మీద ఆనించాడు. "నీ మొగం ఎంత బాగా కనపడతాండాదో!"

ఆయన సంబరంగా నవ్వుతున్నాడు. అబద్ధమాడానన్న సంగతే గుర్తున్నట్టు లేదు.

ఆ స్తంభం ఇప్పటికీ అద్దంలా ఉంది. చర్చికి వచ్చినవాళ్లంతా దాన్ని నిమిరి, నాయన పనితనం మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారమూ దానికి ఆనుకుని కూర్చోలేదు.