యాదగిరికి చెప్పని అంకె

నేను రాసిన ఫిర్యాదులకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు. మురుగుకాలువ గురించి రాశాను. కరెంటు బిల్లు గురించి రాశాను. నాకు క్రెడిట్ స్కోరు ఎందుకు లేదని కూడా రాశాను. ఉలుకూ పలుకూ లేదు. అయితే ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు వాళ్ళ మౌనం కాదు. నేనాడిన ఒక అబద్ధం. మీకైనా చెప్పుకోనివ్వండి.

నాంపల్లిలో నాకు జిరాక్స్ దుకాణం ఉంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సూట్‌కేసులు బాగుచేసే యాదగిరి ఒకరోజు వచ్చాడు. అది అతని అసలు పేరు కాదు. తను కూర్చునే చోటికి ఎదురుగా చిన్న షట్టర్ ఖాళీ అవుతోందట. అడ్వాన్సుకు లోన్ కావాలి. ముందు స్కోరు తెలుసుకోవాలి. చూసిపెట్టడానికి గన్‌ఫౌండ్రీలో ఒక ఏజెంటు ఐదువందలు అడిగాడట.

పైసా అక్కర్లేదన్నాను. స్కోరు లెక్కగట్టే సంస్థలు ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. పాన్ నంబరు, ఫోనుకొచ్చే ఓటీపీ ఉంటే చాలు.

"చూస్తే తగ్గుతదంట గదా అన్నా?"

"మనది మనం చూసుకుంటే తగ్గదు. ముందు నాది తెరుస్తా, చూడు."

నాది నేనూ అప్పటిదాకా చూసుకోలేదు. జన్మలో అప్పు చేయనివాణ్ణి, ఎంత పెద్ద అంకె వస్తుందోనని నాకే కుతూహలం. తెర మీద అంకే లేదు. ఎప్పుడూ అప్పు తీసుకోలేదు కాబట్టి స్కోరు లేదట.

యాదగిరి నవ్వాడు. "ఏందన్నా, నువ్వు లెక్కలనే లేవు గదా."

జిరాక్సుల కోసం నిలబడ్డవాళ్ళూ నవ్వారు.

తర్వాత అతనిది తెరిచాను. తొమ్మిదివందలకు ఏడువందల తొంభై ఒకటి. టీవీ, ఫ్రిజ్, ఫోను అన్నీ కిస్తుల మీద కొని, ఒక్క కిస్తూ తప్పకుండా కట్టిన మనిషి. ఈసారి తెర నావైపే ఉంది.

"బాగాలేదు. ఐదువందల చిల్లర. లోన్ ఇవ్వరు."

"గట్లెట్లయితదే? కిస్తులన్నీ కట్టిన గదా."

"కట్టినా అంతే."

"సరే తీ. మనకేడ ఇస్తరు." ఏజెంటు డబ్బులు మిగిల్చానని నాకు చాయ్ తెప్పించి వెళ్ళాడు. తాగాను.

ఎందుకలా అన్నాను? ఆ నవ్వుకేనా? లేక అప్పు చేయకపోవడమే పెద్దరికమనుకుని బతికిన నాకు సున్నా కూడా రాకుండా, అప్పుల మీద అప్పులు చేసిన అతనికి అంత అంకె వచ్చిందనా? మర్నాడు వెళ్ళి పొరపాటు పడ్డానంటే సరిపోయేది. వెళ్ళాను కూడా. సూట్‌కేసు జిప్పుల గురించి మాట్లాడి తిరిగొచ్చాను.

ఆ షట్టర్‌లో ఇప్పుడెవరో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. యాదగిరి దానికెదురుగానే, వానొస్తే నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని కూర్చుంటాడు. "మా అన్న పైసల్ తీస్కోకుంట చూపెడ్తడు" అని ఇప్పటికీ నా దగ్గరికి మనుషుల్ని పంపుతాడు. వాళ్ళందరికీ ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను. దానివల్ల ఏం ఒరిగింది?

రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు.

యాదగిరీ, తెలుగైతే నువ్వు చదువుతావు. ఇది నీ గురించేనని నీకు తెలిసిపోతుంది. నా దగ్గరికి రాకు, ఇంకెవరిచేతనైనా చూపించుకో. చూశాక మాత్రం రా. తిడతావో, అందరి ముందూ నిలదీస్తావో నీ ఇష్టం. ఏదో ఒకటి నా మొహం మీద అనెయ్. నువ్వైనా జవాబివ్వు.