తక్కువైన ఒక్క దీపం

నా చిన్నప్పుడు నాకు లెక్కలు బాగా వచ్చని కాస్త పొగరుండేది. ఆ పొగరు దిగిన రోజు గురించి ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అరవై దాటాక కూడా చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది.

మేముండేది గోదావరిఖనిలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో. మా తాతయ్య కాలు దెబ్బతిని గని లోపల పని చేయలేక, బాయి పైన దీపాల గదిలో డ్యూటీ చేసేవాడు. లోపలికి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే దీపం ఇవ్వడం, షిఫ్టు దిగి వచ్చాక దాన్ని తీసుకుని దాని నంబరున్న చోట చార్జింగుకు పెట్టడం ఆయన పని. బడి వదిలాక నేను ఆ గది కిటికీ దగ్గర కూర్చుని, ఆయనతో కలిసి ఇంటికి వెళ్ళేదాన్ని.

ఆ రోజు లెక్కల సారు సంఖ్య విలువను దగ్గరి పదికి సవరించడం నేర్పారు. తరువాత సైన్సు సారు, ఏ కొలతలోనైనా కొద్దిపాటి తేడా సహజమే అన్నారు. రెండూ నాకు ఒకే పాఠంలా తోచాయి. సాయంత్రం మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వచ్చేశారు. రెండువందల పద్దెనిమిది దీపాలు లోపలికి వెళితే రెండువందల పదిహేడే తిరిగి వచ్చాయి.

షిఫ్టు గుమాస్తా తొందరలో ఉన్నాడు. ఎవరో దీపంతోనే ఇంటికి పోయి ఉంటారు, రేపు తెస్తారు, లెక్క సరిపోయిందని రాసెయ్యమన్నాడు. అలా మరిచిపోయి వెళ్ళేవాళ్ళూ లేకపోలేదు. తాతయ్య కదల్లేదు. నాకేమో ఆకలి.

"తాతా, ఒకటి తక్కువైతే ఏమైతది? మా సారు చెప్పినట్టు చేస్తే రెండూ రెండువందల ఇరవయ్యే గదా!" అన్నాను.

"పెద్దయ్యా, పిల్లకున్న తెలివి నీకు లేకపాయె" అని గుమాస్తా నవ్వాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

తాతయ్య తిట్టలేదు. ఖాళీగా ఉన్నచోటి నంబరు చూసి, అది పక్కింట్లో ఉండే, నాకు బాబాయి వరసైన కాక దీపమని చెప్పాడు. "ఉరికిపోయి కాక ఇంటికొచ్చిండేమో చూసి రా బిడ్డా. మీ చిన్నమ్మను భయపెట్టకు" అన్నాడు.

పరుగెత్తాను. చిన్నమ్మ వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద కాక స్నానానికి నీళ్ళు కాగబెడుతోంది. "మీ కాక ఇంకా రాలే. నీళ్ళు రెండుసార్లు కాగినయి" అంది నవ్వుతూ. దీపాల గదిలో నేను వదిలెయ్యమన్న ఆ ఒకటి కోసం ఇక్కడొక మనిషి ఎదురుచూస్తోంది.

తిరిగి వెళ్ళి చెప్పగానే తాతయ్య ఇక గుమాస్తాను అడగలేదు. కుంటుకుంటూ మేనేజరు గది దాకా పోయి గొడవ పెట్టాడు. కొందరు మళ్ళీ లోపలికి దిగారు. అందరూ బయలుదేరాక, మరిచిపోయిన పనిముట్ల కోసం కాక ఒక్కడే వెనక్కి వెళ్ళాడట. గని పైకప్పు కూలి ఆయన మీద పడింది. ప్రాణంతోనే పైకి తెచ్చారు గానీ నడుము కింద అంతా నలిగిపోయింది. దవాఖానలో మూడో రోజు పోయాడు.

తాతయ్య కాక వాళ్ళ వాకిట్లో తలొంచుకుని కూర్చున్నాడు. ఇంకాస్త ముందే అరవాల్సింది అని తనలో తనే గొణుక్కున్నాడు. చిన్నమ్మ వచ్చి ఆయన పక్కన కూలబడింది.

"రెండు దినాలు నాతోని మాట్లాడిండు మామా. పిల్లల తల నిమిరిండు. నా చేతుల మీదనే పోయిండు. నువ్వు ఊకుంటే గా చీకట్ల ఒక్కడే పోయేటోడు."

తాతయ్య ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెద్దయ్యాక నేనూ లెక్కల టీచరునయ్యాను. సవరించడం ఎంతోమందికి నేర్పాను. అది తప్పు పాఠమేమీ కాదు, దూరాలకూ బరువులకూ బాగానే పనికొస్తుంది. కానీ చిన్నమ్మకు దక్కిన ఆ రెండు దినాల విలువ ఎంతో నేను ఏ బోర్డు మీదా రాయలేకపోయాను. పిల్లలకు చెప్పబోయి, ప్రతిసారీ తరువాతి లెక్కకు వెళ్ళిపోయేదాన్ని.

ఇప్పటికీ ఎక్కడో ఒక బాయిలో ప్రమాదమైతే, "ఒక్కడే పోయిండట, నయం" అంటుంటారు మా వీధిలో. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పోయిన మనిషి ఇల్లెక్కడ అని అడుగుతాను. తెలిస్తే బస్సెక్కి వెళ్ళి, ఆ గుమ్మంలో కాసేపు కూర్చుని వస్తాను.